కథ ఎవరికి చెబుతున్నారు? – ఆసియా ఇతివృత్తాలు, హాలీవుడ్, స్వతంత్ర చలనచిత్రం

ఆసియా దేశాల కథలను హాలీవుడ్ ఏ విధంగా తెరకెక్కించిందన్న చర్చ సాధారణంగా వేషం దగ్గర మొదలై వేషం దగ్గరే ముగుస్తుంది. తెల్లవారు కనురెప్పలకు అతుకులు పెట్టుకొని చైనీయులుగా నటించారనీ, ముఖానికి గోధుమరంగు పూసుకొని భారతీయులుగా కనిపించారనీ చెప్పుకొని, ఆ కాలం గడచిపోయిందని తృప్తిపడతాము. వేషం సంగతి నిజమే. అది అవమానకరమనడంలోనూ సందేహం లేదు. కాని వేషాన్ని తొలగించినంత మాత్రాన కథ సొంతవారి చేతికి రాదు. నూరేళ్లకు పైబడిన ఈ చరిత్రను వరుసగా పరిశీలిస్తే 'ఎవరు నటించారు' అన్న ప్రశ్న కంటె 'ఎవరికి చెప్పారు' అన్న ప్రశ్నే మౌలికమైనదని బోధపడుతుంది. పెట్టుబడి ఎవరిది, చివరి కూర్పుపై అధికారం ఎవరిది అనే అంశాలను బట్టి ఆ ప్రశ్నకు సమాధానం నిర్ణయమవుతుంది. ఈ వ్యవహారంలో ప్రభుత్వాలు సైతం రెండు విధాలుగా జోక్యం చేసుకున్నాయి: కొన్నిసార్లు అభ్యంతరం తెలిపి, కొన్నిసార్లు అండగా నిలిచి. ఈ రెండింటి ఫలితాలను బేరీజు వేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అభ్యంతరం సాధించినది

1915లో సెసిల్ బి. డిమిల్ దర్శకత్వంలో 'ద చీట్' అనే మూకీ చిత్రం వచ్చింది. జపాన్‌లో పుట్టిన సెస్యూ హయకావా అందులో ఒక సంపన్న జపాన్ వర్తకుడి పాత్ర ధరించారు. సొమ్ము ఇచ్చి ఒక అమెరికన్ గృహిణిని లొంగదీసుకోజూచి, ఆమె ఎదురుతిరిగినప్పుడు భుజంపై కాల్చిన ముద్ర వేసే పాత్ర అది. అమెరికాలోని జపనీయులు తీవ్రంగా నిరసించారు. పైగా మొదటి ప్రపంచయుద్ధంలో జపాన్ మిత్రపక్షాన ఉన్న దేశం. 1918లో చిత్రాన్ని మళ్లీ విడుదల చేసినప్పుడు జరిగిన మార్పు ఒక్కటే. దృశ్యాల నడుమ వచ్చే అక్షరాల పలకలను తిరగరాసి, ఆ వర్తకుణ్ణి బర్మా దేశపు దంతాల వ్యాపారిగా పేర్కొన్నారు. నటుడు అతడే, ఇల్లు అదే, దుర్మార్గమూ అదే. బర్మా ఆనాడు బ్రిటిష్ ఇండియాలో ఒక ప్రావిన్సు. అభ్యంతరం తెలపగల సొంత ప్రభుత్వం దానికి లేదు. నింద తొలగిపోలేదు, నోరు లేని చిరునామాకు బదిలీ అయింది.

ఇరవయ్యేళ్ల తరువాత ఇదే అనుభవం మరింత పెద్ద ప్రమాణంలో పునరావృతమైంది. తెలుగు పాఠకులకు 'సుక్షేత్రం'గా పరిచయమైన పెర్ల్ బక్ నవల 'ద గుడ్ ఎర్త్' 1931లో వెలువడింది, ఎం.జి.ఎం. సంస్థ 1937లో దానిని చలనచిత్రంగా విడుదల చేసింది. చైనా ప్రభుత్వం ముందుగానే మేల్కొన్నది. తమ దేశాన్ని కించపరచరాదని సంస్థతో సంప్రదింపులు జరిపి, నిర్మాణాన్ని పరిశీలించడానికి తన ప్రతినిధిని పంపింది. పనిముట్లు, సామగ్రి చైనా నుంచి వచ్చాయి. కాలిఫోర్నియాలో ఒక చైనా పల్లె వెలిసింది. అయితే రైతు వాంగ్ లంగ్ పాత్ర పాల్ మ్యూనికి, అతని భార్య ఓ-లాన్ పాత్ర లూయీజ్ రైనర్‌కు దక్కాయి. రైనర్‌కు ఆ పాత్రకే ఉత్తమ నటిగా ఆస్కార్ పురస్కారం లభించింది. లాస్ ఏంజెలిస్‌లో పుట్టి పెరిగిన చైనా సంతతి నటి ఆనా మే వాంగ్ ఆ పాత్రను ఆశించారు. జాత్యంతర ప్రణయాన్ని తెరపై చూపరాదన్న ఆనాటి నిర్మాణ నియమావళి నీడలో, మ్యూని సరసన ఆమె భార్యగా కనిపించే అవకాశమే లేకపోయింది. సంసారంలో చిచ్చుపెట్టే లోటస్ పాత్రకు పిలుపు రాగా ఆమె నిరాకరించారు. 2022లో అమెరికా ప్రభుత్వం ఆమె ముఖచిత్రంతో పావు డాలరు నాణెం ముద్రించింది. నాణెం మీద చోటు దొరికిన ఆ ముఖానికి ఓ-లాన్ కథలో చోటు దొరకలేదు.

నటుల ఎంపిక కంటె ముగింపులో జరిగిన మార్పు మరింత ఆలోచింపజేస్తుంది. నవల చివర వృద్ధుడైన వాంగ్ లంగ్ భూమిని అమ్మవద్దని కుమారులను వేడుకుంటాడు. వారు సరేనంటూనే అతని తల మీదుగా ఒకరినొకరు చూసుకొని నవ్వుకుంటారు. ఒక రైతు వంశం మట్టి నుంచి విడివడే చారిత్రక క్రమమంతా ఆ నవ్వులో ఇమిడి ఉన్నది. చిత్రంలో ఆ నవ్వు లేదు. మిడతల దండును ఊరంతా కలిసి ఎదుర్కొన్న తరువాత, ఓ-లాన్ మరణంతో, భూమినీ భార్యనూ ఒకటిగా తలచుకునే భర్త దుఃఖంతో కథ ముగుస్తుంది. ఆర్థిక మాంద్యంలో, దుమ్ము తుఫానులలో పొలాలు కోల్పోతున్న అమెరికన్ ప్రేక్షకుడికి ఊరటనిచ్చే ముగింపు అది. చైనా ప్రభుత్వ ప్రతినిధి పనిముట్లను, దుస్తులను సరిచూడగలిగాడు గాని, కథ ఎవరిని ఉద్దేశించి నడుస్తున్నదో ఆ దిశను మార్చడం అతని పరిధిలో లేదు.

మన దేశపు అనుభవమూ ఇందుకు భిన్నం కాదు. 1956లో వచ్చిన జార్జ్ క్యూకర్ చిత్రం 'భవానీ జంక్షన్' బ్రిటిష్ పాలన ముగియబోయే రోజులలో ఒక రైల్వే పట్టణంలోని ఆంగ్లో-ఇండియన్ల కథ. భారత ప్రభుత్వంతో షరతులు కుదరక చిత్రీకరణ లాహోర్‌కు తరలిపోయింది. 1984 నాటి 'ఇండియానా జోన్స్ అండ్ ద టెంపుల్ ఆఫ్ డూమ్' విషయంలో, చిత్రకథ అభ్యంతరకరంగా ఉన్నదని భావించి ప్రభుత్వం మార్పులు కోరింది. చిత్ర బృందం శ్రీలంకలోని క్యాండీ పరిసరాలకు వెళ్లింది. ఫలితంగా, భారతీయ గ్రామమని చెప్పిన చోట గ్రామస్థులు సింహళం మాట్లాడతారు. రాజభవనపు విందులో కోతి మెదడు వడ్డిస్తారు. కాళికోపాసన అంటే నరబలి తప్ప మరేమీ లేదన్నట్లు చూపుతారు. ప్రభుత్వపు అభ్యంతరం న్యాయమైనదే. కాని అది సాధించినది ఏమిటి? చిత్రం ఆగలేదు; చూపు మారలేదు. దస్త్రం మీద 'అనుమతి నిరాకరించడమైనది' అని రాయడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం మన గౌరవాన్ని కాపాడుకున్నామన్న భావన కలిగించవచ్చు గాని, మన కథను మనం చెప్పుకున్నట్లు కాదు.

మరుగున పడిన ప్రయత్నాలు

హాలీవుడ్ చరిత్రను చదివేటప్పుడు ఆసియావాసులు కేవలం చిత్రితులుగానే ఉన్నారని, చిత్రించేవారుగా ఇటీవలనే వచ్చారని అనుకోవడం పరిపాటి. చరిత్ర ఈ అభిప్రాయాన్ని సమర్థించదు. 1916లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నగరంలో మారియన్ వాంగ్ అనే చైనా సంతతి యువతి 'మాండరిన్ ఫిల్మ్ కంపెనీ'ని స్థాపించి 'ద కర్స్ ఆఫ్ క్వాన్ గ్వాన్' అనే చిత్రాన్ని రాసి, దర్శకత్వం వహించి, అందులో నటించారు. బంధువర్గం సహకరించింది. చిత్రం పూర్తయింది, పంపిణీదారు దొరకలేదు. సంస్థ మూతపడింది. కొన్ని రీళ్లు మాత్రం కుటుంబం దగ్గర మిగిలాయి. 2006లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో ఆ చిత్రానికి స్థానం లభించింది. తీసిన తొంభై ఏళ్లకు దక్కిన గుర్తింపు అది.

'ద చీట్' చిత్రంతో ప్రసిద్ధికెక్కిన హయకావా సైతం అటువంటి పాత్రలతో విసిగి, 1918లో 'హావర్త్ పిక్చర్స్' పేరిట సొంత సంస్థను నెలకొల్పారు. ఆ సంస్థ 1919లో నిర్మించిన 'ద డ్రాగన్ పెయింటర్'లో ఆయన, ఆయన భార్య త్సురు ఆవోకి ప్రధాన పాత్రలు ధరించారు. కోల్పోయిన ప్రేయసిని వెదుకుతూ కొండలలో ఉన్మత్తుడిలా తిరిగే చిత్రకారుడు, ఆమె దొరికాక కుంచెపట్టు కోల్పోవడం అందులోని ఇతివృత్తం. ఈ చిత్రంలోని జపాన్ కొండలు నిజానికి కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయ. 'ద గుడ్ ఎర్త్' పల్లె కూడా కాలిఫోర్నియాదే. అయినా రెండూ ఒకటి కావు. అక్కడ స్థలం నకలు, దృష్టి కూడా నకలు. ఇక్కడ స్థలం నకలే గాని, కళకూ గృహజీవనానికీ నడుమ నలిగే మనిషి వేదన అసలైనది. ఇద్దరు ఆసియా నటులు దుష్టులుగానో దాసులుగానో కాక దంపతులుగా తెర మధ్యన నిలబడడం ఆనాటికి విశేషం. పంపిణీ సంస్థ అండ ఉన్నంతకాలం హావర్త్ నిలిచింది. 1922లో హయకావా హాలీవుడ్ విడిచి వెళ్లారు. ఈ రెండు ఉదంతాలు చెప్పే పాఠం ఒకటే: ఆసియా సంతతివారికి కొరవడినది కథ కాదు, నైపుణ్యమూ కాదు, తీసిన చిత్రాన్ని ప్రేక్షకుడి దాకా చేర్చే దారి.

కనబడని చాన్

ఈ దారి కోసం వెదుకులాటలో 1982 ఒక మైలురాయి. హాంకాంగ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన వేన్ వాంగ్, అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, జాతీయ కళల నిధి ఇచ్చిన ఆర్థిక సహాయంతో సుమారు 22 వేల డాలర్ల వ్యయంతో నలుపు తెలుపులలో 'చాన్ ఈజ్ మిస్సింగ్' తీశారు. శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో జో, స్టీవ్ అనే ఇద్దరు టాక్సీ డ్రైవర్లు తమ 4 వేల డాలర్లతో మాయమైన చాన్ హంగ్ అనే వ్యక్తిని వెదుకుతూ తిరుగుతారు. చిత్రం పేరులోనే ఒక చమత్కారం ఉన్నది. 1931 నుంచి 1949 వరకు హాలీవుడ్ వరుసగా తీసిన నేరపరిశోధన చిత్రాలలో చార్లీ చాన్ అనే చైనా గూఢచారి అన్ని చిక్కుముళ్లనూ సామెతలతో విప్పేవాడు. స్వీడన్‌లో పుట్టిన వార్నర్ ఓలాండ్, ఆయన మరణానంతరం సిడ్నీ టోలర్, రోలాండ్ వింటర్స్ ఆ పాత్ర ధరించారు, ముగ్గురూ శ్వేతజాతీయులే. ఆ చాన్ ఎన్నడూ తప్పిపోలేదు, ఏ రహస్యమూ అతనికి అందకుండా పోలేదు. ఈ చాన్ మాత్రం దొరకడు.

దొరకకపోవడమే ఈ చిత్రపు సారాంశం. అతనిని ఎరిగినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క చాన్‌ను వర్ణిస్తారు. ఒకరికి అతడు మేధావి, ఇంకొకరికి అమాయకుడు, మరొకరికి తైవాన్, చైనా జెండాల తగాదాలో ఇరుక్కున్నవాడు, భార్యకు అమెరికన్ కాలేకపోయిన భర్త. చివర జో చేతిలో మిగిలే ఛాయాచిత్రంలో చాన్ ముఖం నీడలో ఉంటుంది. అంటే 'చైనా సంతతివాడు ఎలా ఉంటాడు' అన్న ప్రశ్నకు ఒకే ముఖాన్ని జవాబుగా ఇవ్వడానికి చిత్రం ఒప్పుకోదు. కొన్నిచోట్ల పాత్రలు కాంటనీస్‌లో మాట్లాడుకుంటాయి, అనువాదం వేయరు. అర్థమయ్యేవారికి అర్థమవుతుంది, కానివారు కాసేపు పరాయివారుగా కూర్చుంటారు. చివరి దృశ్యాలలో చైనాటౌన్ వీధుల మీద, 1961 నాటి స్టూడియో చిత్రం 'ఫ్లవర్ డ్రమ్ సాంగ్' వల్ల ప్రసిద్ధమైన, ఆ వీధులను పొగిడే ఉల్లాసగీతం వినిపిస్తుంది. పాటలోని చైనాటౌన్‌కూ తెర మీది చైనాటౌన్‌కూ మధ్య దూరం ప్రేక్షకుడే కొలుచుకోవాలి. 1995లో ఈ చిత్రమూ అమెరికా జాతీయ పట్టికలో చేరింది. దీనికి ఊపిరి పోసినది ప్రజాధనంతో నడిచే కళా నిధి అన్న విషయం ఈ పత్రిక పాఠకులు ప్రత్యేకంగా గమనించదగినది.

అదే దర్శకుడు, వేరే ధనం

వేన్ వాంగ్ 1993లో డిస్నీ అనుబంధ సంస్థ కోసం ఎమీ టాన్ నవల 'ద జాయ్ లక్ క్లబ్'ను తెరకెక్కించారు. నలుగురు తల్లులు, నలుగురు కుమార్తెల కథ. దర్శకుడు, రచయిత్రి, నటీమణులు అందరూ ఆసియా సంతతివారే. వేషం సమస్య సంపూర్ణంగా తొలగిపోయింది. చిత్రం హృద్యమైనది, ఆదరణ పొందినది కూడా. కాని 'చాన్ ఈజ్ మిస్సింగ్' పక్కన పెట్టి చూసినప్పుడు తేడా స్పష్టమవుతుంది. ఇక్కడ ప్రతి జ్ఞాపకానికీ ముందు ఒక గొంతు వచ్చి వివరిస్తుంది. ప్రతి గాయానికీ ఒక కన్నీటి రాజీ సిద్ధంగా ఉంటుంది. నీడలో ఏ ముఖమూ మిగలదు. దర్శకుడి పుట్టుక మారలేదు, ప్రతిభ తరగలేదు. ఎదుట కూర్చున్నాడని భావించిన ప్రేక్షకుడు మారాడు.

అంత విజయం తరువాత కూడా, ప్రధాన పాత్రలన్నీ ఆసియా సంతతివారు ధరించిన సమకాలిక ఇతివృత్తంతో మరొక పెద్ద స్టూడియో చిత్రం రావడానికి పాతికేళ్లు పట్టింది. 2018లో వార్నర్ సంస్థ 'క్రేజీ రిచ్ ఏషియన్స్'ను విడుదల చేసింది. న్యూయార్క్ నుంచి సింగపూర్ వెళ్లిన అధ్యాపకురాలి కళ్లతో అక్కడి ఐశ్వర్యాన్ని విహారయాత్రలా చూపే చిత్రమిది. న్యాయంగా చెప్పాలంటే, కథానాయికా ఆమె కాబోయే అత్తగారూ మాజాంగ్ పలకల ఆటలో తలపడే ఘట్టాన్ని మాత్రం వివరణ లేకుండా వదిలారు. ఏ పలక ఎందుకు వదులుకున్నదో ఆట తెలిసినవారికే పూర్తిగా తెలుస్తుంది. ఆ కొద్ది నిమిషాలు చిత్రం తనవారితో మాట్లాడింది. స్టూడియో వ్యవస్థలో అటువంటి నిమిషాలు అసాధ్యమని చెప్పలేము. అరుదని మాత్రం చెప్పవచ్చు.

మరుసటి ఏడు వచ్చిన లులు వాంగ్ చిత్రం 'ద ఫేర్‌వెల్' మొత్తం అటువంటి నిమిషాలతోనే నిర్మితమైంది. బామ్మకు ప్రాణాంతక వ్యాధి ఉన్నదన్న సంగతి ఆమెకు చెప్పకుండా, మనుమడి పెండ్లి అనే నెపంతో కుటుంబమంతా చైనాలోని చాంగ్‌చున్ నగరంలో చేరడం ఇందులోని కథ. దర్శకురాలి ఇంటిలో జరిగిన ఉదంతమే ఇది. ప్రాముఖ్యం గల ఒక శ్వేతజాతి పాత్రను చేర్చమనే సూచనలు తనకు వచ్చాయని ఆమె పలు సందర్భాలలో తెలిపారు. ఆమె అంగీకరించక, ముందుగా 2016లో ఆ ఉదంతాన్ని రేడియోలో చెప్పారు. ఆ తరువాతనే స్వతంత్ర నిర్మాతలు ముందుకు వచ్చారు. బామ్మ చెల్లెలి పాత్రను దర్శకురాలి బంధువే, అంటే నిజజీవితంలోని ఆ చెల్లెలే, ధరించారు. అబద్ధం చెప్పడం ధర్మమా అన్న వాదం ఈ చిత్రంలో తీర్పుకు రాదు. మరణవార్తను రోగి నుంచి దాచడం మన ఇండ్లలోనూ ఉన్నదే గనుక, తెలుగు ప్రేక్షకుడికి ఈ చిత్రంలో ఎవరూ ఏదీ వివరించనక్కరలేదు. అయితే వ్యవస్థ చూపు ఇంకా మారవలసి ఉన్నదనడానికి సాక్ష్యంగా, ఈ అమెరికన్ చిత్రాన్నీ, 2020 నాటి మరొక అమెరికన్ చిత్రం 'మినారి'నీ గోల్డెన్ గ్లోబ్ నిర్వాహకులు విదేశీ భాషా చిత్రాల వర్గంలో చేర్చారు.

అండ సాధించినది

ఇప్పుడు మన దేశానికి తిరిగి వద్దాము. 1954లో హాలీవుడ్ దర్శకుడు జాన్ హ్యూస్టన్, కిప్లింగ్ కథ ఆధారంగా 'ద మ్యాన్ హూ వుడ్ బి కింగ్' తీయదలచి, స్థలాన్వేషణకై మన దేశానికి వచ్చారు. ఆ సందర్భంలో కలకత్తాలో ఒక ప్రకటనల సంస్థ ఉద్యోగి తీస్తూ, డబ్బు లేక ఆపి ఉంచిన చిత్రంలోని కొన్ని భాగాలను చూసి ప్రశంసించారు. ఆ ఉద్యోగి సత్యజిత్ రాయ్. చిత్రం 'పథేర్ పాంచాలి'. ముఖ్యమంత్రి విధానచంద్ర రాయ్ చొరవతో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం నిధులు సమకూర్చింది. చలనచిత్రానికి డబ్బు ఇచ్చే పద్దు లేక ఆ మొత్తాన్ని రోడ్ల అభివృద్ధి కింద చూపారన్న సంగతి సుప్రసిద్ధం. పద్దుల నియమాలు తెలిసినవారికి అందులోని ఇబ్బందీ అర్థమవుతుంది, సాహసమూ అర్థమవుతుంది. 1955లో చిత్రం పూర్తయింది. 1956లో కాన్ ఉత్సవంలో మానవీయ పత్రంగా ప్రత్యేక పురస్కారం పొందింది. హ్యూస్టన్ చిత్రం 1975లో వెలువడింది. హిందూకుష్ పర్వతాల అవతలి రాజ్యపు కథను మొరాకోలో తీశారు. ఒక కథకు ఏ దేశమైనా సరిపోయింది. మరొక కథకు నిశ్చిందిపూర్ తప్ప వేరే చోటు లేదు. ప్రభుత్వం వంద అభ్యంతరపత్రాలతో సాధించలేని గౌరవం ఒక్క మంజూరు ఉత్తర్వుతో దేశానికి వచ్చింది.

అయితే అండ ఒక్కటే చాలదు. 1982 నాటి 'గాంధీ' చిత్రానికి మన జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ గణనీయమైన పెట్టుబడి పెట్టింది. హాలీవుడ్ సంస్థ కొలంబియా పంపిణీ చేసింది. చిత్రానికి ఎనిమిది ఆస్కార్‌లు లభించాయి. వాటిలో ఒకటి వస్త్రాలంకరణకు భాను అథయ్యా పంచుకున్నది, ఒక భారతీయురాలికి దక్కిన తొలి ఆస్కార్ అదే. చిత్రం ఘనతను కాదనలేము. కాని ధరాసనలో ఉప్పు సత్యాగ్రహుల తలలు పగులుతున్నప్పుడు, ఆ ఘట్టపు అర్థాన్ని మనకు చెప్పేది ఎవరు? టెలిఫోనులో వార్త పంపుతున్న అమెరికన్ విలేకరి. జరుగుతున్నది మన చరిత్ర. చెప్పడం మాత్రం సముద్రం అవతలి శ్రోతకు. పెట్టుబడిలో భాగం మనదైనా శ్రోత మనవాడు కాలేదు. అదే సంస్థ కొన్నేళ్లకు మీరా నాయర్ తొలి కథాచిత్రం 'సలాం బాంబే' (1988) నిర్మాణంలో పాలుపంచుకున్నది. బొంబాయి వీధి బాలురే అందులో నటులు. వారికి ఎవరి వ్యాఖ్యానమూ అవసరం కాలేదు.

పరాయివాడు అడ్డు కాడు

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ఆసియా కథను ఆసియావారే తీయాలన్న నిర్ణయానికి రావడం తొందరపాటు. 1951 నాటి 'ద రివర్' తీసిన జాఁ రెన్వా ఫ్రెంచివారు. నిర్మాత కెనెత్ మెకెల్డౌనీ లాస్ ఏంజెలిస్‌లో పూల వ్యాపారి, చిత్రరంగానికి కొత్త. ఇంగ్లీషు కుటుంబపు కథే అయినా, గంగ ఒడ్డున నెమ్మదిగా గడిచే దినచర్యను ఆ చిత్రం చూడవచ్చిన అతిథి మర్యాదతో చూసింది. ఆ స్థలాన్వేషణలో రెన్వా వెంట తిరిగిన యువకుడు సత్యజిత్ రాయ్. ఆ చిత్రీకరణను గమనిస్తూ నేర్చుకున్నవారు సుబ్రత మిత్ర. కళావిభాగంలో పనిచేసినవారు బన్సీ చంద్రగుప్త. తరువాతి కాలంలో 'పథేర్ పాంచాలి'కి ఛాయాగ్రాహకుడు, కళాదర్శకుడు వారే.

తెలుగు చలనచిత్రంలోనే ఇందుకు బలమైన ఉదాహరణలున్నాయి. ప్రేమ్‌చంద్ హిందీ ఉర్దూ సాహిత్యాలకు చెందిన రచయిత. 'కఫన్' ఆయన కథ. దానిని 1977లో బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ 'ఒక ఊరి కథ'గా తెలుగులో తీశారు. పనిచేస్తే లాభం దొరకే గనుక పనిచేయకపోవడమే తిరుగుబాటని నమ్మే వెంకయ్య పాత్ర తెలంగాణ మట్టిలో నిలబడింది. 1979లో మరొక బెంగాలీ దర్శకుడు గౌతం ఘోష్, బి. నర్సింగరావు నిర్మాణంలో, కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా 'మాభూమి' తీశారు. దర్శకుడి మాతృభాష తెలుగు కాదు. మూలం తెలుగు కాదు. అయినా తెలంగాణ రైతాంగ పోరాటంపై వచ్చిన చిత్రాలలో దానిని మించినది నేటికీ అరుదు. కారణం ఒక్కటే: ఆ చిత్రం దొర గడీ ఎలా ఉంటుందో తెలిసినవారితో మాట్లాడింది, తెలియనివారు తరువాత తెలుసుకున్నారు.

స్వతంత్ర చిత్రమైనంత మాత్రాన ఈ గుణం దానంతట అదే రాదని కూడా ఒప్పుకోవాలి. ఐరోపా ఉత్సవాల అభిరుచిని లెక్కవేసి, మన దారిద్ర్యాన్ని వారి కిటికీకి ఎదురుగా అమర్చిన చిత్రాలు లేకపోలేదు. హాలీవుడ్ ప్రేక్షకుడి స్థానంలో ఉత్సవ న్యాయనిర్ణేతను కూర్చోబెట్టినప్పుడు జరిగేదీ అదే. విదేశీ నిధి ఉన్న ప్రతి చిత్రమూ అటువంటిదే అనడమూ సరికాదు. పాయల్ కపాడియా తీసిన 'ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్' ఫ్రాన్స్ తదితర ఐరోపా దేశాల సహనిర్మాణం. ముంబైలో పనిచేసే మలయాళీ నర్సుల కథ, వారి భాషలోనే నడుస్తుంది. 2024లో కాన్ ఉత్సవపు ప్రధాన పోటీలో గ్రాండ్ ప్రి పొందింది. ముప్పై ఏళ్లలో ఆ పోటీకి ఎంపికైన తొలి భారతీయ చిత్రం అదే. నిధి కంటె నిధి విధించే షరతు ముఖ్యమని దీనివల్ల తేలుతుంది.

చివరి అంచె

1916 నాటి మారియన్ వాంగ్ దగ్గర కొరవడినది పంపిణీ అని పైన చెప్పుకున్నాము. నూరేళ్ల తరువాత మన దగ్గర కూడా బలహీనమైన అంచె అదే. పాయల్ కపాడియా చిత్రాన్ని భారతదేశంలో పంపిణీ చేయడానికి ముందుకు వచ్చినది తెలుగు నటుడు రానా దగ్గుబాటి సంస్థ. 2018లో విశాఖపట్నం పరిసరాలలో, ఎక్కువగా స్థానికులతోనే వెంకటేశ్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' నిర్మాత అమెరికాలో నివసించే తెలుగు వైద్యురాలు పరుచూరి ప్రవీణ. దానిని థియేటర్లకు చేర్చడంలోనూ రానా తోడ్పాటు ఉన్నది. వ్యక్తుల అభిరుచి వల్ల జరిగిన మంచి పనులివి. వ్యక్తుల అభిరుచిపై ఆధారపడే ఏర్పాటు శాశ్వతం కాజాలదు.

ప్రభుత్వ పక్షాన 1960లో ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ ఏర్పడింది. 1969లో 'భువన్ షోమ్' వంటి చిత్రాలకు అది ఆధారమైంది. 1980లో అది జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో విలీనమైంది. తీయడానికి డబ్బు దొరికిన చిత్రాలకు ఆడడానికి హాలు దొరకలేదన్నది ఆ దశాబ్దాల ప్రధాన ఫిర్యాదు. ఆ లోటును కొంతకాలం తీర్చినది దూరదర్శన్. 1980ల ఆదివారం మధ్యాహ్నాలలో ఇంగ్లీషు అక్షరానువాదంతో ప్రసారమైన ప్రాంతీయ భాషా చిత్రాల వల్ల, ఒక అస్సామీ చిత్రాన్ని ఒక తెలుగు కుటుంబం చూడగలిగింది. అటువంటి జాతీయ ప్రేక్షకవర్గాన్ని ఆ తరువాత ఏ సంస్థా నిర్మించలేదు. 2024లో కేరళ ప్రభుత్వం 'సి స్పేస్' పేరిట సొంత ప్రసార వేదికను ఆరంభించింది. ఇతర రాష్ట్రాలు దాని మంచిచెడ్డలను అధ్యయనం చేయదగును. జిల్లా కేంద్రాలలో ఏడాదిలో అధిక భాగం సభలు లేక ఖాళీగా ఉండే ప్రభుత్వ సభామందిరాలలో వారానికి ఒక ఆట, ఇతర భాషల చిత్రాలకు తెలుగు అక్షరానువాదం – ఈ రెండు ఏర్పాట్లకు కావలసినది పెద్ద నిధి కాదు, ఒక స్థిరమైన పద్దు.

హాలీవుడ్ తన ప్రేక్షకుడికి తన కథ చెబుతుంది. అది దాని వృత్తి. అందులో మన పేరు వచ్చినప్పుడు అది తప్పుగా వస్తే అభ్యంతరం చెప్పవలసిందే. అయితే జపాన్ అభ్యంతరం చెబితే నింద బర్మా మీద పడింది. భారత్ అభ్యంతరం చెబితే మన గ్రామం సింహళం మాట్లాడింది. చరిత్రలో పరాయి చిత్రణకు నిలకడైన జవాబు ఇచ్చినవి నిషేధాలు కావు. రోడ్ల పద్దులోంచి డబ్బు తీసి పూర్తి చేసిన చిత్రం, కళల నిధి ఇచ్చిన కొద్ది డాలర్లతో తీసిన చిత్రం. అవి తమవారితో మాట్లాడాయి గనుకనే లోకం కూడా ఆగి విన్నది. అటువంటి చిత్రాలు మన భాషలలో ఇప్పటికీ తయారవుతున్నాయి. వాటిని చూడవలసినవారి ఊరికి వాటిని చేర్చడం మిగిలి ఉన్నది.